తూము దగ్గర దించిన షట్టరు

మిర్యాలగూడ చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే ఏ రైతునడిగినా ఒక మాట చెబుతాడు. మడిలోకి నీళ్లు ఎగబడుతున్నప్పుడు గట్టు మీద నిలబడి పారతో మట్టి వేస్తుంటే తెల్లవార్లూ వేయాల్సిందే. లష్కర్‌ను పిలిచి తూము షట్టరు దింపించుకుంటే కాసేపట్లో తేలిపోయే పని అది. ఆన్‌లైన్ జూదం మీద 2025లో పార్లమెంటు చేసిన చట్టాన్ని మొదటిసారి పూర్తిగా చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ షట్టరే. ఆ చట్టంలో ఏడో సెక్షన్ ఉంది. ఒకే ఒక్క వాక్యం. చట్టాలు రాయడం కూడా ఒక చేతిపనే అని నమ్మేవాణ్ణి కాబట్టి, ఆ వాక్యాన్ని నగిషీ చెక్కిన తలుపు చూసినట్టు ఆగి చూశాను. చూసింది మీకూ చూపించాలని ఈ వ్యాసం.

చట్టం పేరు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం, 2025. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రవేశపెట్టగా ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. మూడు రోజుల్లో అయిపోయిన పని. ఇంత తొందర మంచిదా అని అడిగేవాళ్లున్నారు, అడగవలసిందే. కానీ తొందరలో పుట్టిన చట్టంలా ఏడో సెక్షన్ కనిపించదు. యాభై ఏళ్ల ఓటములు చూసినవాళ్లు రాసినట్టుంటుంది.

ఆ ఓటముల్లో మొదటిది మన సికింద్రాబాద్‌దే. 1963లో అక్కడి ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవాళ్లు దొరికారు, డబ్బు దొరికింది. అప్పటికి అమల్లో ఉన్నది నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నారు. క్లబ్బు సీటుకింత తీసుకోవడం ఒక్కటే దాన్ని జూదగృహం చేయదనీ, ఆ వసూళ్లతో లాభాలు దండుకుంటున్నట్టు రుజువైతే సంగతి వేరనీ కూడా అన్నారు. అక్కడ డబ్బు ఎవరికి చేరుతోందన్న ప్రశ్న ఒకసారి తలెత్తింది. తర్వాత యాభై ఏళ్లు మన చట్టాలు ఆ ప్రశ్నను వదిలి, అదృష్టమా నైపుణ్యమా అనే తగువు చుట్టూనే తిరిగాయి. కంపెనీల లాయర్లకు ఆ తగువు పెట్టనికోట అయింది.

ఉమ్మడి రాష్ట్రపు 1974 నాటి గేమింగ్ చట్టం చాప చుట్టూ కూర్చున్నవాళ్లను చూసి రాసింది. దాడిలో పేకలో పాచికలో దొరికితే ఆ ఇల్లు జూదగృహమేనని అనుకోవచ్చంటుంది. నైపుణ్యం ఆటలకు మినహాయింపు కూడా ఇచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సులు తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది. జూదం జరిగే చోటు అన్న నిర్వచనంలోకి సైబర్ స్పేస్‌ను చేర్చింది. దేశంలో ఈ పని ముందుగా చేసిన రాష్ట్రాల్లో మనదొకటి. అది ధైర్యమైన పనేనని ఇప్పటికీ అంటాను.

కానీ ఆ చట్టం బలహీనత ఏమిటో కోదాడలో నిలబడి చూస్తే తెలిసేది. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద కోదాడ దాటి కాస్త ముందుకు పోతే రాష్ట్రం మారుతుంది. 2017 నుంచి ఆంధ్రప్రదేశ్ కూడా తన చట్టం మార్చుకున్న 2020 సెప్టెంబరు దాకా, మూడేళ్లకు పైగా, గీతకు ఇటువైపు పైసలు పెట్టి ఫోన్లో రమ్మీ ఆడటం నేరం, అటువైపు కాదు. ఫోన్ ఎక్కడుందో చూసి ఆటను ఆపాల్సిన బాధ్యత యాప్‌ది. డబ్బు మాత్రం గీతకు రెండు పక్కలా ఒకేలా పారింది. బ్యాంకులు రాజ్యాంగంలో కేంద్ర జాబితా కింద ఉన్నాయి. పందేలు, జూదం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి రాష్ట్రం ఆటను నిషేధించగలిగింది గానీ ఆటకు పోయే డబ్బు తూము దాని చేతిలో లేదు. మడి దగ్గర మట్టి వేయడం అంటే ఇదే.

ఆ తూము ఎంత వెడల్పో 2020 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టారు. వాళ్లు పట్టుకున్నది రంగు చెప్పే ఆట. ఎరుపా, ఆకుపచ్చా అని పందెం కాయాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో కబురు పంపి, తెలిసినవాళ్ల ద్వారానే లోపలికి రానిచ్చేవాళ్లు. ఒక చైనా దేశస్థుణ్ణీ కొందరు భారతీయులనూ అరెస్టు చేశారు. లెక్క తీస్తే సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగాయని తేలింది. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ అంకె కాదు. ఆ డబ్బు వెళ్లిన దారి. మనం కరెంటు బిల్లు కట్టే పేమెంట్ దారుల్లాంటి వాటిలోనే, మామూలు కంపెనీల పేర్లున్న మామూలు ఖాతాల్లోకే దర్జాగా పోయింది. ఆట ఎక్కడో ఉన్న సర్వర్లో నడవొచ్చు. డబ్బు మాత్రం మన బ్యాంకుల్లోంచే పోవాలి.

ఇప్పుడు ఏడో సెక్షన్ చదవండి. నా మాటల్లో చెబుతాను. ఏ బ్యాంకూ, ఏ ఆర్థిక సంస్థా, డబ్బు లావాదేవీలు సాగేలా చేసే మరే వ్యక్తీ, ఆన్‌లైన్ డబ్బు ఆటకు చెల్లింపుగా పోయే ఏ లావాదేవీలోనూ పాల్గొనరాదు, దాన్ని అనుమతించరాదు, సాయపడరాదు, పురికొల్పరాదు, ప్రేరేపించరాదు, మరే విధంగానూ వీలు కల్పించరాదు. ఆరు క్రియలు. మొదటిది చేసేవాడికి. రెండోది చూస్తూ ఊరుకునేవాడికి. అనుమతించడం అన్న ఆ ఒక్క మాటతో, మాకు తెలియదు, మా సిస్టమ్‌లో అలా పోయిందంతే అనే జవాబు బలం తగ్గిపోతుంది. చివరిది, మరే విధంగానైనా అన్నది, రేపు పుట్టబోయే పేమెంట్ పద్ధతికి ముందే వేసిన ముడి.

ఆ వాక్యంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట, మరే వ్యక్తీ అన్నది. బ్యాంకులను మాత్రమే పేర్కొని ఉంటే పేమెంట్ గేట్‌వేలు తప్పించుకునేవి. గేట్‌వేలను పేర్కొంటే వాలెట్లు తప్పించుకునేవి. అందరినీ వరుసగా పేర్కొని ఉంటే, కమీషన్‌కు ఆశపడి తన ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇంకొకడి చేతిలో పెట్టే కుర్రాడు తప్పించుకునేవాడు. ఈ మాట అతని దాకా వస్తుందని నా చదువు.

శిక్షల అమరిక కూడా చూడదగ్గది. ఆట నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. డబ్బు మోసినవాడికీ అంతే. ప్రకటన ఇచ్చినవాడికి రెండేళ్లు, యాభై లక్షలు. అంటే తెర మీద కనిపించి ఊరించినవాడికంటే తెర వెనక డబ్బు దాటించినవాడి నేరం పెద్దదని చట్టం తూచింది. నడపడం, డబ్బు మోయడం, ఈ రెండూ బెయిలు హక్కుగా దొరకని నేరాలు. ఆడినవాడికి మాత్రం ఇందులో శిక్షే లేదు. అతను బాధితుడు. ఈ తూకం నాకు చాలా నచ్చింది.

అయితే ఈ వాక్యం ఒంటరిగా నిలబడలేదు. దాని కింద రెండు నిర్వచనాలు దూలాల్లా ఉన్నాయి. డబ్బు ఆట అంటే, నైపుణ్యమైనా అదృష్టమైనా రెండూ కలిసినా సరే, డబ్బో పణమో పెట్టి గెలుపు ఆశతో ఆడేది. యాభై ఏళ్ల తగువు ఒక్క ఉపవాక్యంతో పక్కకు జరిగింది. ఇక పణం అంటే నోట్లే కాదు, క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు, ఏ పేరుతో పిలిచినా, చేతికి తగిలేవైనా తగలనివైనా, నేరుగానో చుట్టుదారిలోనో డబ్బుతో కొన్నవన్నీ పణమే. మేం డబ్బు తీసుకోవడం లేదండీ, డైమండ్లు అమ్ముతున్నాం అని చెప్పే దారి మూసుకుపోయింది.

ఈ పనితనం విలువ తెలియాలంటే అమెరికా వైపు ఒకసారి చూడాలి. 2006లో వాళ్లూ ఇదే ఆలోచన చేశారు, ఆటను వదిలి చెల్లింపును పట్టుకుందామని. కార్డులు, చెక్కులు, వైర్ బదిలీల లాంటి ఐదు రకాల చెల్లింపు వ్యవస్థల పేర్లు నియమాల్లో రాశారు. కానీ చట్టవిరుద్ధమైన జూదం ఏదో ఆ చట్టమే తేల్చి చెప్పలేదు, వేరే కేంద్ర, రాష్ట్ర చట్టాలకు వదిలేసింది. దేన్ని ఆపాలో తెలియక బ్యాంకులు తల పట్టుకున్నాయి. బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి జూదానికి క్రెడిట్ కార్డు వాడకాన్ని ఆపింది, అప్పు చేసి ఆడకుండా. మంచి పనే, కానీ డెబిట్ కార్డు తలుపు తెరిచే ఉంది. మనవాళ్లు ముందు ఏది ఆపాలో చెప్పి, తర్వాత ఆపమన్నారు. వరుస సరిగ్గా కుదిరింది.

కాగితం మీది మాట కౌంటర్ దగ్గర ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ బండికి అతికించిన క్యూఆర్ కోడ్ తీసుకోండి. ఆ నలుపు తెలుపు గళ్లలో దాగున్నది ఒక పొట్టి వరుస. పీఏ అన్న చోట డబ్బు చేరాల్సిన యూపీఐ ఐడీ. పీఎన్ అన్న చోట పేరు. ఏఎం అన్న చోట ఎంత అన్నది, ఖాళీగా ఉంటే మనమే కొట్టాలి. ఇంకొకటి ఎంసీ. అది నాలుగంకెల వ్యాపార రకం కోడ్. కిరాణాకు ఒకటి, మందుల షాపుకు ఒకటి. పందేలకూ కాసినో చిప్‌లకూ ప్రపంచమంతటా ఉన్న కోడ్ 7995. మనిషి నుంచి మనిషికి పంపేటప్పుడు ఆ చోట నాలుగు సున్నాలు ఉంటాయి.

ఏడో సెక్షన్ పట్టు చిక్కేది సరిగ్గా ఈ నాలుగంకెల దగ్గర. నిజం చెప్పే వ్యాపారికి 7995 ఉంటే బ్యాంకు ఆపేస్తుంది, అది తేలిక. అబద్ధం చెప్పేవాడు బట్టల షాపు కోడ్ పెట్టుకుంటాడు. అతణ్ణి చేర్చుకునేటప్పుడు వ్యాపారం నిజమో కాదో వెతకాల్సిన పని పేమెంట్ అగ్రిగేటర్‌ది. ఆ బాధ్యత 2020 మార్చి నుంచే రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. అప్పుడది లైసెన్సుకు సంబంధించిన షరతు. ఇప్పుడు దాని వెనక మూడేళ్ల జైలు నిలబడింది. అదే పని, అదే కౌంటర్, కానీ చేసే చేతికి భయం తోడైంది. చట్టం వచ్చిన రోజుల్లోనే డ్రీమ్11, ఎంపీఎల్ లాంటి పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయంటే ఆ భయం ఎంత వేగంగా పాకిందో అర్థమవుతుంది.

ఇక గండ్ల సంగతి. మెచ్చుకోవడానికి కూర్చున్నాను గనక లోపం దాచడం సబబు కాదు. విదేశాల్లో కూర్చున్న సైట్లకు వ్యాపారి కోడ్‌తో పనే లేదు. నాలుగు సున్నాల దారిలో, మనిషి ఖాతాకు మనిషి పంపినట్టు తీసుకుంటాయి. డిపాజిట్ నొక్కిన ప్రతిసారీ కొత్త పేరు, కొత్త ఐడీ కనిపిస్తుంది. అవే అద్దె ఖాతాలు, బ్యాంకుల భాషలో మ్యూల్ ఖాతాలు. మిల్లు గుమాస్తా జీతం ఖాతాలో ఒక్క రోజులో వందమంది తలా ఐదొందలు వేసి, సాయంత్రానికి మొత్తం ఖాళీ అయితే ఆ ఖాతా తనంతట తానే మాట్లాడుతుంది. అలాంటివి పసిగట్టడానికి రిజర్వ్ బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాధనాన్ని తయారుచేసింది. క్రిప్టో దారి వేరే ఉంది, దాన్ని పట్టడం ఇంకా కష్టం. ఎంత మంచి షట్టరైనా అడుగున చెమ్మ ఊరుతూనే ఉంటుంది.

రెండో లోపం మన ఇంటిది. కేంద్ర చట్టం ఆడినవాణ్ణి వదిలింది, తెలంగాణ చట్టంలో అతనింకా నేరస్థుడే. పోగొట్టుకున్నవాడు పోలీసు స్టేషన్ మెట్లెక్కడానికి జంకేది ఇందుకే. కేంద్ర చట్టం చూపిన ఈ దయను రాష్ట్రం కూడా తన చట్టంలోకి తెచ్చుకోవాలని నా కోరిక. ఇక జూదం రాష్ట్ర జాబితాలో ఉండగా పార్లమెంటు ఈ చట్టం చేయవచ్చా అన్న ప్రశ్నపై హైకోర్టుల్లో పడిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. రమ్మీ తీర్పు వెలువడిన ఆ కోర్టులోనే ఈ వాక్యం కూడా నిలబడాలి. నిలబడుతుందనే నా ఆశ.

దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని బిల్లు తెచ్చినప్పుడు కేంద్రం అంచనా చెప్పింది. అందులో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్ల నుంచి వెళ్లింది ఎంతో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. ఈ మూడు ఊళ్లలో డిగ్రీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీవాడు ఆడుతున్నాడా అని ఎలాగూ అడుగుతారు. దానితోపాటు తన బ్యాంకు ఖాతాను, సిమ్‌ను ఎవరికైనా వాడుకోనిచ్చాడా అని కూడా అడగండి. మోసపోయి డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా కబురు అందితే, దాన్ని అక్కడే నిలిపే వీలుంది.