‘బాగుంది’ అనే తీర్పు: శూన్యనాళికల పరీక్షలో లక్షణ లక్ష్యాలు

శూన్యనాళిక, అంటే వాడుక మాటలో వాల్వు, పనికివస్తుందో లేదో తేల్చే యంత్రాలు అమెరికాలో 1950ల, 60ల నాటికి మందుల దుకాణాలలో సైతం ఉండేవి. ఇంటి రేడియోలోని వాల్వులను ఊడదీసి తెచ్చిన మనిషి తానే వాటిని సాకెట్టులో గుచ్చి మీట నొక్కితే, ముల్లు ఎరుపు మీదనో ఆకుపచ్చ మీదనో నిలిచేది. ఆ యంత్రం కింది అరలోనే కొత్త వాల్వులు అమ్మకానికి ఉండేవన్న సంగతిని విమర్శకుడు మరువరాదు. అయితే అమ్మేవాని లాభం కన్నా లోతైన చిక్కు ఆ తీర్పులోనే ఉంది. ‘బాగుంది’ అనడానికి యంత్రం పెట్టుకున్న లక్షణం ఏది? అది లక్ష్యానికి, అనగా ధ్వనివర్ధకంలో వాల్వు చేయవలసిన పనికి, అన్వయిస్తుందా?

ఆ యంత్రాలలో పెక్కు కొలిచింది ఉద్గారాన్ని మాత్రమే. గ్రిడ్డును ప్లేటుతో కలిపి, వాల్వును డయోడుగా మార్చి, కాథోడు నుండి ఎంత విద్యుత్తు వస్తున్నదో చూసేవి. వర్ధనం జరిగేది గ్రిడ్డు అదుపు వల్ల. ఆ గ్రిడ్డునే తప్పించి చేసే పరీక్ష, గాయకుని ఊపిరిబలం చూసి శ్రుతిజ్ఞానాన్ని నిర్ణయించడం వంటిది. తార్కికులు చెప్పే అవ్యాప్తి, అతివ్యాప్తి రెండూ ఇందులో కనిపిస్తాయి. కాథోడు విడుదల చేయగల ఎలక్ట్రాన్లలో ప్లేటుకు మామూలుగా చేరేవి కొన్నే. మిగిలినవి మేఘంలా చుట్టూ నిలువ ఉంటాయి గనుక, ఉద్గారం కొంత తగ్గినా వాల్వు చక్కగా పనిచేయవచ్చు. యంత్రం దానిని తీసివేయమంటుంది. లోపల వాయువు మిగిలినదీ, పెన్సిలుతో తట్టితే స్పీకరులో గణగణ మోగేదీ యంత్రానికి మాత్రం ఆకుపచ్చే.

అన్యోన్య వాహకత్వాన్ని కొలవడం ఇంతకన్నా మేలైన పద్ధతి. గ్రిడ్డు వోల్టేజి కొద్దిగా మారితే ప్లేటు విద్యుత్తు ఎంత మారుతుందో అది చెబుతుంది. కాని ఇక్కడ కూడా అంకె ఒంటరిగా నిలవదు. 12ఏఎక్స్7 వాల్వులోని ఒక్కో ట్రయోడుకు తయారీదారుల పట్టిక రెండు విలువలు ఇస్తుంది. ప్లేటుకు 250 వోల్టులు, గ్రిడ్డుకు రుణ 2 వోల్టులు ఇచ్చినపుడు 1.2 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి, వాహకత్వం వోల్టుకు 1.6 మిల్లీఆంపియర్లు. ప్లేటుకు 100, గ్రిడ్డుకు రుణ 1 వోల్టు అయితే ప్రవాహం 0.5, వాహకత్వం 1.25. రెండూ సరైనవే. స్థితి తెలియకపోతే రెండవ అంకె చూసి మంచి వాల్వును అరిగినదనుకుంటాం. పాత వాల్వుల అమ్మకాలలో అట్టపెట్టె మీద స్థితి చెప్పకుండా రాసే అంకెకు ప్రమాణవిలువ లేదని నా అభిప్రాయం.

బ్రిటన్‌లో తయారైన ఏవో వాల్వ్ క్యారెక్టరిస్టిక్ మీటరు ఈ లోపాన్ని చాలావరకు సరిచేసింది. ప్లేటు, గ్రిడ్డు వోల్టేజీలను పరీక్షకుడే నిర్ణయించుకోవచ్చు. గ్రిడ్డు విద్యుత్తును మైక్రోఆంపియర్లలో చూపే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఈ చివరి కొలతను చాలామంది చిన్నచూపు చూస్తారు. ఈఎల్34 పట్టికలో 250 వోల్టుల వద్ద ప్లేటు విద్యుత్తు 100 మిల్లీఆంపియర్లు, వాహకత్వం 11. అంటే 25 వాట్లు, అది ప్లేటు భరించగల గరిష్ఠ పరిమితి. వాయువు వల్ల గ్రిడ్డులో 2 మైక్రోఆంపియర్లు పారితే, స్థిర బయాసు గల వలయంలో 470 కిలోఓముల నిరోధం మీద దాదాపు ఒక వోల్టు పుడుతుంది. దానితో ప్లేటు విద్యుత్తు సుమారు 10 మిల్లీఆంపియర్లు పెరుగుతుంది. వేడి పెరుగుతుంది, వేడికి మరింత వాయువు వెలువడుతుంది. అన్యోన్య వాహకత్వం నిండుగా ఉన్న వాల్వే ఇలా తన్ను తాను కాల్చుకొని, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరును కూడా వెంట తీసుకుపోతుంది.

నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉండగా ఇంత సూక్ష్మపరీక్ష ఎందుకన్న ఆక్షేపణ ఉంది. 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో విలియమ్‌సన్ ప్రకటించిన ఆంప్లిఫయరు 20 డెసిబెళ్ల ఫీడ్‌బ్యాక్‌తో, 15 వాట్ల వద్ద 0.1 శాతం లోపు విరూపణను సాధించింది. ఫీడ్‌బ్యాక్ వాల్వుల మధ్య తేడాలను తగ్గిస్తుందన్నది నిజమే. అయినా ఆ వలయంలోనే రెండు కేటీ66 వాల్వుల నిశ్చల విద్యుత్తులను సమానం చేసుకునే ఏర్పాటు ఉంది. ట్రాన్స్‌ఫార్మరు కోరులో ఏకముఖ విద్యుత్తు మిగలకుండా చూడడం ఫీడ్‌బ్యాక్ వల్ల అయ్యే పని కాదని విలియమ్‌సన్‌కు తెలుసు.

ఆ 0.1 శాతమన్న కొలతనూ విమర్శించినవారున్నారు. అనుస్వరాలన్నిటినీ ఒకే రాశిగా కూడితే చెవికి కలిగే బాధ తెలియదని 1950లో షార్టర్ వాదించాడు. ప్రతి అనుస్వరాన్నీ దాని సంఖ్య వర్గంలో నాలుగో వంతుతో గుణించమన్నాడు. ఆ లెక్కన రెండవదానికి 1, అయిదవదానికి 6.25. ట్రయోడులో ఎక్కువగా పుట్టేది రెండవది. పెంటోడులో, రెండు వాల్వుల పుష్‌పుల్ వలయంలో ఈ పాళ్లు మారతాయి, స్పీకరు భారాన్ని బట్టి మళ్లీ మారతాయి. వాటిని కొలవాలంటే వాల్వు తన వలయంలోనే ఉండాలి. దుకాణపు యంత్రంలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేదు, స్పీకరూ లేదు.