తేజోవధ: కురుసేనలో సీనియారిటీ గొడవ

ఉద్యోగపర్వం చివర్లో, యుద్ధం రేపో మాపో అనగా, చాలామంది గబగబా దాటేసే ఘట్టం ఒకటుంది. రథాతిరథ సంఖ్యానం. మన సైన్యంలో ఎవరి సత్తా ఎంత అని దుర్యోధనుడు అడుగుతాడు. భీష్ముడు ఒక్కొక్కరి పేరూ తీసి హోదా చెప్తాడు: ఈయన రథుడు, ఈయన అతిరథుడు, ఈయన మహారథుడు. పేర్ల జాబితానే కదా అని పేజీ తిప్పేస్తాం. నా మటుకు నాకు, కౌరవుల ఓటమి మొదలైంది ఈ జాబితాలోనే అనిపిస్తుంది.

కాస్త ఆగి చదవండి. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి రథుడి హోదా ఉంది. కర్ణుడి కొడుకు వృషసేనుడు మహారథుడు. అశ్వత్థామకి విల్లు పట్టడంలో సాటి లేడంటూనే, ప్రాణం మీద తీపి ఎక్కువ కాబట్టి అతన్ని ఏ లెక్కలోనూ వెయ్యనంటాడు భీష్ముడు. కర్ణుడి దగ్గరకొచ్చేసరికి 'అర్ధరథుడు' అనేస్తాడు. కొడుకు నిండు, తండ్రి సగం! కారణాలూ చెప్తాడు. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది, అర్జునుడికి ఎదురుపడితే ప్రాణాలతో తిరిగి రాడు. పక్కనుంచి ద్రోణుడు అవునంటాడు.

ఈ కారణాలేవీ అబద్ధాలు కావు. పదిహేడో రోజున అన్నీ నిజమయ్యాయి కూడా. మరి ఇది నిజాయితీ ఉన్న అంచనాయేనా? దానికి జవాబు భీష్మపర్వం చివర్లో, అంపశయ్య దగ్గర దొరుకుతుంది. ఒంటరిగా వచ్చి దణ్ణం పెట్టిన కర్ణుడితో భీష్ముడు ఒప్పుకుంటాడు: నీ మీద నాకు ద్వేషం లేదు, నీ తేజస్సు తగ్గించడానికే పరుషంగా మాట్లాడాను, విలువిద్యలో నువ్వు కృష్ణార్జునులకి తీసిపోవు. అంటే ఆ రోజు నిండు సభలో చెప్పింది కర్ణుడి కొలత కాదు. కర్ణుణ్ణి చూసుకునే దుర్యోధనుడు యుద్ధానికి తెగిస్తున్నాడని తెలిసిన పెద్దాయన, ఆ ధైర్యాన్ని కొయ్యడానికి వాడిన కత్తి. కథలో దాని పేరు తేజోవధ. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రేటింగ్ ఇవ్వాల్సిన మనిషి రేటింగ్‌ని వేరే పనికి వాడితే ఏమవుతుందో ఏ ఐటీ కంపెనీలో అప్రైజల్ సీజన్ చూసినవాళ్ళకైనా వేరే చెప్పక్కర్లేదు.

కర్ణుడి జవాబు కోపంలో పుట్టిందే, కానీ అందులో వాదన గట్టిది. ఏళ్ళు మీదపడినంత మాత్రానో, జుట్టు నెరిసినంత మాత్రానో, డబ్బూ చుట్టాలూ ఉన్నంత మాత్రానో ఎవరూ మహారథులైపోరంటాడు. సమానుల మధ్య ఇప్పుడు హెచ్చుతగ్గులు పెడితే సైన్యం చీలుతుందంటాడు. అన్నిటికన్నా సూటైన మాట చివర్లో వస్తుంది: నేనెంత పోరాడినా పేరు సేనాపతికే పోతుంది కాబట్టి, భీష్ముడు బతికుండగా నేను ఆయుధం పట్టను. అంతకుముందు, సేనాపతి పదవి ఒప్పుకున్నప్పుడే భీష్ముడు షరతు పెట్టాడు కదా, ముందు కర్ణుడైనా యుద్ధం చెయ్యాలి, లేదా నేనైనా చెయ్యాలి అని. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాదనుకున్నారు.

ఇక్కడ మనకి రెండు రకాల వ్యాఖ్యానాలు అలవాటు. పాతది, కర్ణుడికి అహంకారం, స్నేహితుడి అవసరం కన్నా తన అలకే ఎక్కువైంది అంటుంది. కొత్తది, కర్ణుడు కులం దెబ్బ తిన్నవాడు, ఏం చేసినా న్యాయమే అంటుంది. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ' తర్వాత తెలుగువాళ్ళకి రెండోది బాగా ఒంటబట్టింది. నేనూ మనసులో రెండో పక్షమే. సూతపుత్రుడన్న మాట లేకపోతే ఆ 'అర్ధ' అంత లోతుగా దిగేది కాదు. కానీ రెండు వ్యాఖ్యానాలూ కర్ణుడి వైపే చూస్తూ, అక్కడే కూర్చున్న రాజుని వదిలేస్తున్నాయి.

దుర్యోధనుడు ఏం చేశాడు? ఇద్దర్నీ ఉంచుకున్నాడు, ఏదీ తేల్చలేదు. లెక్క చూడండి. భీష్ముడు పాండవుల్ని చంపనని ముందే చెప్పాడు, రోజుకి పదివేలమంది యోధుల్ని మాత్రం చంపుతానన్నాడు. అర్జునుణ్ణి చంపాలన్న పట్టుదల ఉన్న ఒకే ఒక్కడు శిబిరంలో కూర్చున్నాడు. పదకొండు అక్షౌహిణులున్న సైన్యం 18 రోజుల్లో 10 రోజులు ఇలా నడిచింది. చంపనన్నవాడికి పగ్గాలు, చంపుతానన్నవాడికి సెలవు. పెద్దాయన్ని నొప్పించకూడదు, స్నేహితుణ్ణి వదులుకోకూడదు అని ఊరుకోవడం మంచితనంలా కనిపిస్తుంది. యుద్ధంలో అది నిర్ణయం తీసుకోకపోవడమే.

అవతలి శిబిరంలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. సేనాపతి ఎవరని ధర్మరాజు తమ్ముళ్ళని అడిగితే నాలుగు పేర్లు వచ్చాయి. సహదేవుడు విరాటుడన్నాడు, నకులుడు ద్రుపదుడన్నాడు, భీముడు శిఖండి అన్నాడు, అర్జునుడు ధృష్టద్యుమ్నుడన్నాడు. వయసు చూస్తే విరాటుడో ద్రుపదుడో కావాలి. మాట కృష్ణుడికి వదిలారు, ఆయన ధృష్టద్యుమ్నుణ్ణి ఎంచాడు. తండ్రి ద్రుపదుడు కొడుకు కింద యుద్ధం చేశాడు. పాండవులు దేవతలేం కాదు. ద్రోణుడి వధ తర్వాత సాత్యకీ ధృష్టద్యుమ్నుడూ ఒకళ్ళ మీదకొకళ్ళు దూకబోతే భీముడు సాత్యకిని వాటేసుకుని ఆపాల్సొచ్చింది. కానీ ఆపే మనిషంటూ ఒకడున్నాడు. 18 రోజులూ సేనాపతి మారలేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ద్రోణపర్వం మొదట్లోని ఒక సలహా. భీష్ముడు పడిపోయాక తర్వాత ఎవరని దుర్యోధనుడు కర్ణుణ్ణే అడుగుతాడు. తన పేరు చెప్పుకోవచ్చు. చెప్పుకోడు. ఇక్కడున్న అందరూ తగినవాళ్ళే, పోటీ పడే సమానుల్లో ఒక్కణ్ణి గౌరవిస్తే మిగతావాళ్ళు మనసు పెట్టి పోరాడరు, అందుకే అందరికీ గురువైన ద్రోణుణ్ణి చెయ్యి అంటాడు. తనని అర్ధరథుడంటే అవునని తలూపిన ద్రోణుణ్ణి! హోదా గాయం ఎలా ఉంటుందో తెలిసినవాడికే ఆ గాయం ఇంకొకరికి తగలకుండా చూడ్డం తెలుస్తుంది. అహంకారి అన్న వ్యాఖ్యానం నాకు ఇక్కడ కూలిపోతుంది.

కర్ణుడి వంతు వచ్చేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. శల్యుణ్ణి సారథిగా ఉండమంటే, రాజునైన నేను సూతపుత్రుడికి రథం తోలడమేంటని లేచిపోబోయాడు. దుర్యోధనుడు పొగిడి, బతిమాలి కూర్చోబెట్టాడు. నోటికొచ్చింది అంటానన్న షరతు మీద శల్యుడు పగ్గాలు పట్టాడు, దారి పొడుగునా అన్నాడు కూడా. కర్ణుడి తేజోవధ చెయ్యమని ధర్మరాజు శల్యుణ్ణి అంతకుముందే అడిగి మాట తీసుకున్నాడు. భీష్ముడు యుద్ధానికి ముందు సభలో చేసిన పనే, శల్యుడు రథం మీద పూర్తి చేశాడు.

భీష్ముడికి 10 రోజులు, ద్రోణుడికి 5, కర్ణుడికి 2, శల్యుడికి పూట. ఆ పైన తొడలు విరిగి నేల మీద పడున్న దుర్యోధనుడు అశ్వత్థామకి సేనాపతిగా అభిషేకం చేయిస్తాడు. భీష్ముడు ఏ లెక్కలోనూ వెయ్యనన్న అశ్వత్థామకి చివరికి పదవి దొరికింది. అప్పటికి అతని కింద మిగిలిన సైన్యం కృపుడూ, కృతవర్మా.