‘ఇరికించబడ్డారు’ సరే, ఇరికించిందెవరు?

కథనూ కవిత్వాన్నీ కులం అడిగి చదవడం నేర్చుకున్నాం. కోర్టు తీర్పుల్ని మాత్రం వకీళ్లకు వదిలేశాం. తీర్పు కూడా రచనే గదా! పైగా మనిషి ప్రాణం తీయగల రచన. ఒకే ఆరుగురి మీద సుప్రీంకోర్టు 2009లో ఒకటి, 2019లో ఒకటి తీర్పులు రాసింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

2003 జూన్‌లో మహారాష్ట్రలో ఒక తోటలోని గుడిసె మీద దోపిడీ దాడి జరిగింది. ఐదుగురు హతమయ్యారు. అత్యాచారం జరిగింది. సంచార జాతికి చెందిన ఆరుగురు కూలీలను నిందితులుగా నిలబెట్టారు. 2006లో కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. 2007లో హైకోర్టు ముగ్గురికి ఉరి ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ తిరిగి ఉరే వేసింది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది.

ఈ పదేళ్లలో అసలు దొంగలు దొరికారా? లేదు. దాడిలో బతికి బయటపడ్డ తల్లి, పోలీసులు చూపించిన ఫొటోల్లో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురి మీద దర్యాప్తే జరగలేదు. ఇది 2003 నాటి సంగతే, 2019లో పుట్టింది కాదు. అంటే ఆరుగురికే కాదు, ఆ తల్లికీ అన్యాయం జరిగింది.

2019 తీర్పు ఒకచోట నిజం దాకా వచ్చి ఆగిపోతుంది. నిందితులు సంచార జాతివాళ్లు, అట్టడుగువాళ్లు, నిరుపేద కూలీలు గనుక అబద్ధపు కేసులో ఇరికించబడి ఉండొచ్చంటుంది. పెద్ద నేరాల్లో ఇట్లా జరగడం మామూలేనంటుంది. ఆ వాక్యానికి కర్త లేడు. తప్పుచేసిన పోలీసు అధికారుల మీద చర్య తీసుకోమన్న మాట నిజమే. కాని పోలీసుల కథను నమ్మి ఉరి రాసిన మూడు కోర్టుల మాటేమిటి? ఇది మామూలేనని తెలిసిన కోర్టు, వెనక్కి తీసుకోవడానికి వీల్లేని శిక్ష ఎట్లా వేయగలిగింది?

నా చిన్నప్పుడు ఊళ్లో బావి మోటారు పోతే పోలీసులు నేరుగా మా గూడేనికే వచ్చారు. మా నాయన్ను రాత్రంతా ఠాణాలో కూచోబెట్టారు. మోటారు తర్వాత ఎక్కడో దొరికింది. మా నాయనకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అనుమానానికి మా వాడ దారి తెలుసు. కోర్టు దాకా పోయాక ఆ అనుమానమే సాక్ష్యం వేషం వేస్తుంది.

మన దగ్గర 2007 డిసెంబరు నాటి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు చూడండి. దళిత కూలీ యువకుణ్ణి పట్టుకున్నారు. నేరస్తుడు ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. అయినా 2010లో విజయవాడ కోర్టు జీవితఖైదు వేసింది. 2017లో హైకోర్టు నిర్దోషి అన్నది. అతను బతికి ఇంటికొచ్చాడు. ఉరి పడి ఉంటే ఎవరొచ్చేవారు?

ఇవి విడి పొరపాట్లు కావు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల మీద నివేదిక తెచ్చింది. వాళ్లలో దాదాపు 76 శాతం దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలు, మైనారిటీ మతాలవాళ్లే. రాజస్థాన్‌కు చెందిన రావ్‌జీని 1996లో ఉరితీశారు. అతని శిక్షను ఖాయం చేసిన తీర్పు సరైన న్యాయసూత్రం పాటించలేదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. పదమూడేళ్లు ఆలస్యమైంది.

ఉరిశిక్షనే రద్దు చేయడానికి తాను మద్దతిస్తానని 1949 జూన్‌లో రాజ్యాంగసభలో అంబేద్కర్ చెప్పాడు. విగ్రహాలకు దండలేసే ప్రభుత్వాలకు ఈ మాట వినపడదు.

పదహారేళ్ల జైలుకు ఆ ఆరుగురికి తలా 5 లక్షలు ఇవ్వమన్నది కోర్టు. బతికున్నారు గనుక ఇవ్వగలిగింది. నష్టపరిహారం దయ కాకుండా చట్టం కావాలి. ఉరిశిక్ష పోవాలి. అందాకా మన విద్యార్థులు, కార్యకర్తలు ప్రతి ఉరి తీర్పునూ తెప్పించుకుని చదవాలి. నిందితుడు ఎవరు, అతని తరఫున వాదించిందెవరు, పోలీసులు వదిలేసిందెవరిని అని అడగాలి. ఉరి అమలయ్యేలోపే అడగాలి.