లిగ్నిన్ ఉండాలా, పోవాలా: ఆమదాలవలస గోగు, పటాన్‌చెరు జొన్న

ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు మీద పనిచేస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తీపి జొన్న మీద పనిచేసింది. రెండింటి చూపూ కాండం మీదే. కణం చుట్టూ ఉన్న గోడలో సెల్యులోజు పోగులు, వాటిని అతికించే పెక్టిన్, గట్టిపరిచే లిగ్నిన్ ఉంటాయి. వాటిలో దేన్ని ఉంచాలి, దేన్ని తగ్గించాలి అన్నచోటే ఈ రెండు పరిశోధనలూ వేరుపడతాయి.

భీమిలి రేవు పేరుతో బిమ్లీ జూట్‌గా ప్రపంచం ఎరిగిన పంట గోగు. శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో తొలకరికి చల్లి, పూతకొచ్చాక కోసి, కట్టలుగా చెరువులో ఊరవేస్తారు. నీటిలోని బాక్టీరియా పెక్టిన్‌ను కరిగిస్తాయి; నార విడివడుతుంది. ఊరడం సరిపోయిందో లేదో చెప్పేది రైతు బొటనవేలే. మొదలు దగ్గర నొక్కి లాగితే నార పుల్లను వదిలి సాఫీగా రావాలి. తొందరపడితే బెరడు పెచ్చులు నారకు అంటుకునే ఉంటాయి. ఆలస్యమైతే నారే బలం కోల్పోతుంది. పూత దాటాక కోస్తే లిగ్నిన్ పెరిగి నార ముతకబారుతుంది. 1920 నాటి నెల్లిమర్ల జూట్ మిల్లు వంటివి కొన్నది ఇలా నీళ్లలో నిలబడి తీసిన నారనే.

పటాన్‌చెరు ఆలోచన ఇంకా విశాలం. గింజ ఇంటికి, రసం ఇథనాల్‌కు, పిప్పి పశువుకు. ఈ రసాన్ని నమ్ముకుని 2007లో మెదక్ జిల్లాలో రుస్ని డిస్టిలరీ మొదలైంది. దీనికి తోడు గోధుమరంగు ఈనె జొన్నలున్నాయి. ఆకు మధ్య ఈనె తెల్లగా కాక గోధుమరంగులో ఉంటే ఆ మొక్కలో లిగ్నిన్ తక్కువని గుర్తు. ఈ లక్షణాన్ని మొదట 1924లో అమెరికాలో మొక్కజొన్నలో చూశారు. లిగ్నిన్ తగ్గితే పశువు పొట్టలోని సూక్ష్మజీవులకు సెల్యులోజు సులువుగా అందుతుంది. పిప్పి నుంచి ఇథనాల్ తీయాలన్నా అంతే.

ఒకే కాండంతో మనిషికీ పశువుకీ ఇంజనుకీ పనికొచ్చేలా ఆలోచించినందుకు నా మొగ్గు పటాన్‌చెరు వైపే. కానీ ఆ పైరును మన తీరానికి తెచ్చేముందు గాలి సంగతి చూడాలి. లిగ్నిన్ తగ్గిన కాండం ఒరిగిపోయే ప్రమాదం ఎక్కువ. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి. పలాస చుట్టూ నిటారుగా నిలిచిన చెట్లే కూలిపోయాయి. ఇక్కడ ఆ జొన్న వేయాలంటే అక్టోబరుకు ముందే కోసే పచ్చిమేతగానే వేయాలి.

గోగు పరిశోధన ఎంత కొత్త రకం ఇచ్చినా, మొలలోతు నీళ్లలో నిలబడే మనిషి శ్రమ తగ్గనిదే నాకు తృప్తి లేదు. బారక్‌పూర్‌లోని జనపనార పరిశోధన సంస్థ తెచ్చిన సూక్ష్మజీవుల పొడి ఊరే రోజుల్ని తగ్గిస్తుంది. దిగుబడి కంటే ముందు నేను అడిగేది ఇలాంటి పనినే. పటాన్‌చెరు జొన్నలో లిగ్నిన్‌ను చూసినంత శ్రద్ధగా మన చోడి గడ్డినీ, వరిగడ్డినీ చూడమనీ అడుగుతాను. ఈ జిల్లాల్లో పశువులు రోజూ నమిలేది వాటినే.