ఆకు ఎంచే చేయి

హిందూపురం, మడకశిర పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఆడవాళ్లు మల్బరీ ఆకు కోసే తీరును నిలబడి చూడాలి. గుడ్డు పగిలి వచ్చిన చాకీ పురుగులకు కొమ్మ కొసన నిగనిగలాడే లేత ఆకే కోసి, సన్నగా తరిగి చల్లుతారు. ఆ ఆకులోని సిస్-జాస్మోన్ వాసన పురుగును దగ్గరికి రప్పిస్తుంది. వచ్చాక అది నోటి దగ్గరి చిన్న అవయవాలతో రుచి చూస్తుంది. బీటా-సిటోస్టెరాల్, ఐసోక్వెర్సిట్రిన్ లాంటివి తగిలితే కొరుకుతుంది. అదే ఆకు తుంచితే కారే పాలలో చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు ఉంటాయి. చాలా గొంగళిపురుగులకు అవి విషం, పట్టుపురుగుకు మాత్రం ఏమీ కాదు. ఎంత వింత! ఈ పేర్లేవీ ఆ చేతులకు అక్కర్లేదు. ఎండెక్కక ముందే కోయాలని, వాడిన ఆకును పురుగు సరిగా తినదని, తడి గోనెపట్టా కప్పి ఉంచాలని వాళ్లకు తెలుసు. పురుగు తలెత్తి కదలకుండా ఉంటే కుబుసం విడవబోతోందని మేత ఆపేస్తారు. దాదాపు అన్నీ లేచాకే మళ్లీ వేస్తారు, లేకుంటే కొన్ని ముందుకు పోతాయి, కొన్ని వెనకబడతాయి. ఇలా కుబుసాలు విడుస్తూ పురుగులు ఐదో దశకు చేరాక వాళ్లకు ఊపిరి సలపదు. మొత్తం మేతలో 80 శాతానికి పైగా ఆ వారంలోనే తినేస్తాయి. కొమ్మలకు కొమ్మలు పరుస్తుంటే షెడ్డంతా వాన కురుస్తున్నట్టు నమిలే చప్పుడు. ఒక్కో గూటి నుంచి ఇంచుమించు కిలోమీటరు దారం తీయగలుగుతున్నామంటే, పూటపూటకూ సరైన ఆకు ఎంచిన ఆ చేతుల చలవే.