మూగవోయిన లాప్‌టాప్ – దోషమెవ్వరిది?

ఆటల కొఱకు ప్రత్యేకముగ నిర్మింపబడిన లాప్‌టాప్‌నకు వెల హెచ్చు, వేగము హెచ్చు, వేడియు హెచ్చు. అట్టి యంత్రమును కొన్నవాడొకడు దాని ఫర్మ్‌వేరును తొలగించి, దానికి ముందటి పాత ఫర్మ్‌వేరును ఎక్కించినాడనుకొందము. మరుక్షణము నుండి తెర వెలుగదు. మీట నొక్కినచో దీపము వెలుగును, పంకాలు తిరుగును, కొంతసేపటికి ఆగును, మరల తిరుగును. అంతకు మించి యేమియు జరుగదు. ప్రాసెసరు చెడలేదు, డిస్కు చెడలేదు, తెరయు చెడలేదు. ఐనను యంత్రము మూగవోయినది. ఇట్టి సంఘటనలు అరుదు కావు. “వద్దన్న పని చేసితిరి” అని నిర్మాతలందురు. “మా సొమ్ముతో కొన్న యంత్రమును మాకు తగినట్లు దిద్దుకొనరాదా?” అని యజమానులందురు. ఈ రెండు వాదములలో న్యాయమెంత కలదో విచారింతము.

మొదట ఫర్మ్‌వేరనగా నేమో తెలిసికొనవలయును. కంప్యూటరులో మనము కంటితో చూచి చేతితో తాకగల భాగములు హార్డ్‌వేరు. ఇచ్చవచ్చినట్లు వేసి తీయగల ప్రోగ్రాములు సాఫ్ట్‌వేరు. ఈ రెంటికి నడుమ నుండుదానికి 1967లో ఆషర్ ఓప్లర్ అను నాతడు ఫర్మ్‌వేరని పేరిడెను. నేటి లాప్‌టాపులలో ఇది చిన్న ఫ్లాష్ చిప్పులో నుండును. సాధారణముగ దాని పరిమాణము 16 లేక 32 మెగాబైట్లు. మీట నొక్కిన పిమ్మట మెమరీని సిద్ధపఱచుట, తెరను మేల్కొలుపుట, డిస్కులోని విండోస్ వంటి వ్యవస్థకు అధికారము నప్పగించుట దీని పనులు. ఇది చెడినచో, దీనిని బాగుచేయవలసిన ప్రోగ్రామును నడుపుటకు సైతము ఇదియే కావలసియుండును. తాళముచెవిని లోపలనుంచి తలుపు మూసికొన్నవాని చందమగును.

క్రొత్తది దొరకుచుండగా పాతదానిని కోరనేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఒక ఉదాహరణము చూతము. 2018లో వెలువడిన ఇంటెల్ కోర్ ఐ7-8750హెచ్ అను ప్రాసెసరును ఆటల లాప్‌టాపులలో విస్తారముగ వాడిరి. దానికి ఆరు కోర్లు, 45 వాట్ల నిర్ణీత వ్యయము, 100 డిగ్రీల సెంటిగ్రేడు గరిష్ఠోష్ణోగ్రత. పలుచని పెట్టెలో ఇమిడియుండుటచే ఆట సాగుచున్నపు డది ఈ హద్దును తాకి, తనంత తానే వేగమును తగ్గించుకొనును. దీనికి యజమానులు కనుగొన్న యుపాయము వోల్టేజిని కొంచెము తగ్గించుట. ట్రాన్సిస్టర్లు పనిచేయునపుడు వ్యయమగు శక్తి వోల్టేజి వర్గమునకు అనులోమముగ నుండును. 1.2 వోల్టులకు బదులు 1.1 వోల్టు లిచ్చినచో, వేగము మారకయే ఈ వ్యయము సుమారు 16 శాతము తగ్గును. కానీ ఖర్చు లేని చల్లదన మిది.

అయితే 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ అను దాడిని వెల్లడించిరి. వోల్టేజిని హద్దుమీఱి తగ్గించి, ప్రాసెసరుచే తప్పుడు గుణకారములు చేయించి, ఎస్.జి.ఎక్స్. అను రక్షిత భాగములోని రహస్యములను బయటికి లాగవచ్చునని వారు నిరూపించిరి. దీనికి విరుగుడుగ ఇంటెల్ సంస్థ వోల్టేజి మార్పును బంధించు సవరణ నిచ్చెను. లాప్‌టాప్ నిర్మాతలు దానిని తమ ఫర్మ్‌వేరులలో చేర్చి పంపిరి. యజమాని దానిని ఎక్కించుకొనగానే వెనుకటి చల్లదనము పోయి యంత్రము మరల వేడెక్కసాగెను.

ఇచ్చట మొదటి విమర్శ. ఈ దాడి చేయదలచినవాడు ముందుగనే యంత్రముపై సర్వాధికారము సంపాదించి యుండవలయును. ఎస్.జి.ఎక్స్.ను వాడనే వాడని ఆటగానికి దీనివలన కలుగు ముప్పు మిక్కిలి స్వల్పము. అట్టివానికి తాళము వేసికొనుటయో మానుటయో సెట్టింగులలో ఎన్నుకొను వీలు కల్పించి యుండవచ్చును. పెక్కు యంత్రములలో అట్టి వీలు లేకపోయెను. వెనుకకు మరలవలెనన్న కోరికకు బీజ మిదియే.

పాత ఫర్మ్‌వేరు నిన్నటివరకు చక్కగ పనిచేసినదే గదా, నేడేల పనిచేయదు? కారణములు నాలుగు.

ఒకటి: ఫర్మ్‌వేరనునది ఏకవస్తువు కాదు. బయాస్ ఒకటి, ఇంటెల్ యంత్రములలో మేనేజ్‌మెంట్ ఇంజను అను నుపప్రాసెసరు ప్రోగ్రాము మరియొకటి, కీబోర్డును, బ్యాటరీని, పంకాలను నడుపు ఎంబెడెడ్ కంట్రోలరు ప్రోగ్రాము ఇంకొకటి. ఇవి ఒండొంటితో సంభాషించుచుండును. ఒకటి మాత్రము వెనుకకు పోయి తక్కినవి క్రొత్తవిగ నున్నచో పొత్తు కుదురదు.

రెండు: క్రొత్త ఫర్మ్‌వేరు తన సెట్టింగులను క్రొత్త పద్ధతిలో వ్రాసియుంచును. ఆ వ్రాత పాతదానికి తెలియక తికమక పడవచ్చును.

మూడు: ఫ్లాష్ చిప్పులో వ్రాయుటకు ముందు చెఱపవలయును, చెఱపుట సామాన్యముగ 4 కిలోబైట్ల ఖండములుగ జరుగును. చెఱపుటకును వ్రాయుటకును నడుమ పని ఆగినచో పాతదియు నుండదు, క్రొత్తదియు నుండదు.

నాలుగు: కొన్ని యంత్రములలో ఫర్మ్‌వేరుపై నిర్మాత సంతకమును పరీక్షించి, సరిపడనిచో ప్రాసెసరు దానిని నడుపుటకే నిరాకరించును.

నిర్మాతలు ఇన్ని కట్టుదిట్టములు చేయుటకు కారణము లేకపోలేదు. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అను వైరసు పెక్కు కంప్యూటర్లలోని బయాస్ చిప్పులపై చెత్త వ్రాసి వానిని నిర్జీవములుగ చేసెను. నాడు ఆ చిప్పులకు తగిన కాపు లేకుండెను. 2023లో వెల్లడియైన బ్లాక్‌లోటస్ అను దుష్ట ప్రోగ్రాము, విండోస్‌ను ప్రారంభించు పాత ఫైలును, అనగా సంతకము సరిగనున్నను లోపము సవరింపబడని దానిని, తెచ్చిపెట్టి దాని చాటున లోపలికి దూరెను. వెనుకకు మరలు దారి యజమానికెంత సుగమమో దొంగకును అంతే సుగమమని దీనివలన తేలుచున్నది. కావున ఆ దారిని మూయుటను తప్పుపట్టజాలము.

తప్పుపట్టవలసినది వేఱొకటి కలదు. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థయగు నిస్ట్ 2018లో ఫర్మ్‌వేరును గూర్చి మార్గదర్శకములను ప్రకటించెను. అందు మూడు సూత్రములు గలవు: రక్షణము, చెడుటను గుర్తించుట, పునరుద్ధరణము. మూడవది లేనిదే మొదటి రెండును అసంపూర్ణములు. తలుపునకు ఎంత గట్టి తాళమైనను వేయవచ్చును. మాఱు తాళముచెవి యొకటి భద్రముగ నుండవలయును.

ఇది కాని పని యని యెవరైన ననవచ్చును. కాదనుటకు దృష్టాంతము క్రోమ్‌బుక్. పాఠశాల విద్యార్థులు వాడు ఈ చౌక లాప్‌టాపులో మార్పునకు లోనుకాని మూల ఫర్మ్‌వేరు ఒకటి, మార్చదగిన ప్రతులు రెండు నుండును. ఒక ప్రతి చెడినచో రెండవది నడుచును. రెండును చెడినచో మూలప్రతి యజమానిని పునరుద్ధరణమునకు పిలుచును. లోపమున్న పాత ప్రతిని అది అంగీకరింపదు సుమా! అనగా వెనుకదారిని మూయుటకును, చెడినదానిని బ్రతికించుటకును వైరము లేదు. గిగాబైట్ సంస్థ తన డెస్క్‌టాప్ మదర్‌బోర్డులపై రెండు బయాస్ చిప్పుల నుంచెను. హెచ్.పి., డెల్ సంస్థలును తమ పెక్కు లాప్‌టాపులలో కొన్ని మీటల నొక్కిపట్టి బయాస్‌ను తిరిగి తెచ్చుకొను వసతి కల్పించినవి. చౌక యంత్రమునకు గల యీ భాగ్యము దానికి పలు రెట్లు వెలగల ఆటల లాప్‌టాపులు కొన్నింటికి లేకపోవుటకు సాంకేతిక కారణము కానరాదు. గ్రాఫిక్సు చిప్పునకును, రంగురంగుల కీబోర్డు దీపములకును చూపిన శ్రద్ధలో లేశమైన ఈ విషయమున చూపలేదనియే చెప్పవలయును.

అట్టి వసతి లేని యంత్రము మూగవోయినచో మిగిలిన మార్గము మరమ్మతుకారుని చేతిలోని ప్రోగ్రామరు పరికరము. దాని క్లిప్పును చిప్పునకు తగిలించి నేరుగ వ్రాయుదురు. ఇందును జాగ్రత్త వలయును. 1.8 వోల్టుల చిప్పునకు 3.3 వోల్టు లిచ్చినచో అది చెడిపోవచ్చును. చిప్పులోని పాత విషయమును ముందుగ నకలు తీసికొనవలయును. ఏలయన యంత్రపు క్రమసంఖ్య, తఱచుగ విండోస్ అనుమతి సంకేతము గూడ అందే యుండును. వేఱొక యంత్రపు నకలును గ్రుడ్డిగ వ్రాసినచో అవి మాసిపోవును.

ఇక యజమానుల కొకమాట. పాతదనినంతమాత్రమున ఫర్మ్‌వేరు క్షేమకరము కాదు. నిర్మాత తన సూచనలలో ఏ సంఖ్యకు దిగువకు పోరాదని వ్రాసెనో చదువవలయును. బ్యాటరీ నిండియుండగ, ఛార్జరును తగిలించియే ఈ పని చేయవలయును. డిస్కునకు బిట్‌లాకర్ రక్షణ యున్నచో దాని పునరుద్ధరణ సంకేతమును వేఱుచోట వ్రాసియుంచవలయును. ఫర్మ్‌వేరు మారినపుడు అది అడుగబడవచ్చును. అన్నిటికంటె ముందుగ, యంత్రము మూగవోయినచో తిరిగి పలికించు మార్గము దానికి కలదో లేదో కనుగొనవలయును. లేనిచో ఆ ప్రయత్నము మానుట మేలు.

తొందరపాటు యజమానిది కావచ్చును. కాని ఒక్క తప్పటడుగుతో ప్రాణము పోవునట్లు యంత్రమును నిర్మించుట నిర్మాత లోపమే. లాప్‌టాప్ కొనునపుడు వేగమెంత, మెమరీ యెంత యని అడుగు మనము, ఫర్మ్‌వేరు చెడినచో ఇంటియొద్దనే బాగుచేసికొను వీలు కలదా యని గూడ అడుగ నేర్చుకొనవలయును. కొనువారడుగని వసతిని అమ్మువారు తమంతట తాము కల్పింపరు.