వీధి డప్పు, గుమ్మటపు కప్పు: ఊరేగింపు వాద్యంపై శ్రవణవిమర్శ

వ్యాససంగ్రహం: డప్పు ఊరేగింపు వాద్యం. దానిని గుమ్మటపు కప్పున్న ఇండోర్ స్టేడియాల వంటి మూసిన ప్రాంగణాలలోకి తెచ్చినప్పుడు పుట్టే రొదను వాద్యానికీ వాయించేవారికీ అంటగట్టే ధోరణి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక వీధుల నేపథ్యంలో ఈ వ్యాసం ఆ ధోరణిని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డప్పు, తీన్‌మార్, ప్రతిధ్వని, అనురణనం, ప్రదర్శన స్థలం.

తెలుగు శాఖలలో ‘ధ్వని’ అనగానే ఆనందవర్ధనుడు గుర్తుకు వస్తాడు. చెవికి తగిలే ధ్వని భౌతికశాస్త్ర శాఖ వారిదన్న పంపకం ఎప్పుడో జరిగిపోయింది. జానపద ప్రదర్శన కళల పరిశోధనకు ఈ పంపకం మేలు చేయలేదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడేనాటికి గేయపాఠాన్ని సేకరించి వర్గీకరించడమే ముందు జరగవలసిన పని. పాఠం చెదిరిపోకముందే పట్టుకోవలసిన కాలమది. తరువాతి తరం రిచర్డ్ బౌమన్ ప్రదర్శన సిద్ధాంతాన్ని ఉటంకించడం నేర్చింది. ప్రదర్శన జరిగే చోటు ఎలా వినిపిస్తుందన్న ప్రశ్నను మాత్రం అంతగా పట్టించుకోలేదు. గేయం విషయంలో ఈ లోపం కొంత సహించదగినదే. డప్పు విషయంలో అది తీర్పునే తారుమారు చేస్తుంది.

డప్పుకు పాఠం లేదు, దరువే ఉంది. కొయ్యచట్రానికి బిగించిన మేకతోలు, ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల, కాచి బిగువు తెచ్చుకోవడానికి నెగడు: సరంజామా ఇంతే. చాటింపుకు, చావుకు, పెండ్లికి, బోనాలకు ఆరుబయట మోగడానికి రూపొందిన వాద్యమిది. ఆరుబయట మూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. తిరిగి వచ్చేది స్వల్పం. అందుచేత దెబ్బ పదునుగా ఉంటుంది, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీ శుభ్రంగా ఉంటుంది. తీన్‌మార్‌లో ఆడేవారి కాలు ఆ ఖాళీని ఆధారం చేసుకుని లేస్తుంది. ఖాళీ పూడిపోతే దరువు మిగలదు, చప్పుడే మిగులుతుంది.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన జరిగిందీ ఈ ప్రాంగణంలోనే. భవనపు రాతి ముఖభాగం ధ్వనిని బాగా తిప్పికొడుతుంది. అయితే ఆ ముందరి ఆవరణకు కప్పు లేదు. ముఖభాగానికి 34 మీటర్ల దూరంలో డప్పు మోగితే ప్రతిధ్వని సెకనులో అయిదో వంతు తరువాత ఒక్కసారి వస్తుంది; మిగిలిన శబ్దమంతా ఆకాశంలోకి పోతుంది. ప్రాంగణం దాటి తార్నాకకు వస్తే పరిస్థితి మరోలా ఉంటుంది. 2017 నవంబరు నుంచి నడుస్తున్న మెట్రో మార్గం వల్ల ఆ రహదారికి తలపై కాంక్రీటు కప్పు ఏర్పడింది. డప్పుకు ఏడెనిమిది మీటర్ల పైన అటువంటి కప్పు ఉంటే, తిరిగి వచ్చే శబ్దం 0.05 సెకనులోపే అందుతుంది. చెవి దానిని వేరుగా పట్టుకోలేదు, అసలు దెబ్బతోనే కలిపి వింటుంది. పక్కలు తెరిచి ఉన్నందున శేషం ఎక్కువసేపు నిలవదు. మెట్రో వంతెన కింద ఊరేగింపు ఉత్సాహం హఠాత్తుగా పెరిగినట్లు తోచడానికి ఇదొక కారణం కావచ్చు.

గుమ్మటపు కప్పున్న ఇండోర్ స్టేడియంలో ఈ రెండు సౌకర్యాలూ పోతాయి. 1890లలో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోవడంతో వాలెస్ సబైన్ చేసిన ప్రయోగాలు ఒక సూత్రానికి దారితీశాయి: గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, శోషణ వైశాల్యంతో భాగిస్తే అనురణన కాలం వస్తుంది. శబ్దం 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే సమయమిది. ఉదాహరణకు 60,000 ఘనమీటర్ల స్టేడియంలో శోషణ 2,000 చదరపు మీటర్లే అనుకుంటే, ఈ కాలం 4.8 సెకన్లు. నిమిషానికి 120 దెబ్బల నడకలో అర సెకనుకొక దెబ్బ పడుతుంది. అప్పటికి ముందరి దెబ్బ తగ్గేది 6 డెసిబెల్‌లే. అంటే ఒక్కో క్షణంలో తొమ్మిదిపది దెబ్బల శేషాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉంటాయి. పైగా గుమ్మటపు పుటాకార తలం శబ్దాన్ని చెదరగొట్టక ఒకచోటికి కూడగడుతుంది. శిఖరం 30 మీటర్ల ఎత్తున ఉంటే నేలపై నుంచి వెళ్లిన దెబ్బ 0.17 సెకను తరువాత స్పష్టమైన రెండో దెబ్బగా దిగివస్తుంది.

ఇక్కడ గోల్కొండను ఉదాహరించడం పరిపాటి. ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు బాలా హిస్సార్ దాకా వినిపించడం నిజమే, అద్భుతమే. కాని చప్పట్లు ఒక సంకేతం, చేరితే చాలు. దరువు వాక్యం వంటిది. చేరడంతో సరిపోదు, పదవిభాగం చెడకుండా చేరాలి. ఒకే దెబ్బకు వరమైన గుమ్మటం దరువుకు శాపం కావచ్చు.

అమెరికాలో కవాతు బృందాలు ఈ చిక్కును ఎప్పటినుంచో ఎదుర్కొంటున్నాయి. 2009 నుంచి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ తుది పోటీలకు వేదికగా ఉన్న ఇండియానాపొలిస్ స్టేడియం పైకప్పున్నదే. 91 మీటర్ల మైదానపు ఈ కొస నుంచి ఆ కొసకు శబ్దం చేరడానికి పావు సెకనుకు పైగా పడుతుంది. అందుకే ముందున్నవారు వెనుక నుంచి వచ్చే శబ్దాన్ని అనుసరించి వాయించడం అక్కడ శిక్షణలో భాగం. డప్పు బృందానికి ఇదే పనిని వలయం చేసిపెడుతుంది: ఎదురెదురుగా నిలిచినవారి నడుమ దూరం తక్కువ, చూపు అందుబాటులో ఉంటుంది. వేదికపై ప్రేక్షకులకు అభిముఖంగా వారిని వరుసలో నిలబెట్టడంతో ఆ ఏర్పాటు తెగిపోతుంది.

ఇటువంటి చోట తాళం తప్పిందనో, మోటుగా ఉందనో న్యాయనిర్ణేత మార్కులు తగ్గిస్తే ఆ తీర్పు ఎవరిపై పడుతుంది? ఈ వాద్యం కొన్ని కులాలపై వెట్టిగా మోపబడింది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం ఆ చాటింపు పేరునే ఆత్మగౌరవ నామంగా స్వీకరించింది. అటువంటి చరిత్ర ఉన్న కళను ‘రొద’ అనడం ధ్వనిశాస్త్రపు అజ్ఞానంతో ఆగదు. అది పాత చిన్నచూపుకు కొత్త ఆధారంగా పనిచేస్తుంది. కర్ణాటక సంగీత కచేరీలో గాత్రం వినిపించకపోతే మైకును నిందిస్తారు, గాయకుడిని కాదు. ఆ మర్యాద డప్పుకు కూడా దక్కాలి.

పరిశోధకులకు మరో బాధ్యత ఉంది. హాలులో చేసిన ధ్వనిముద్రణే రేపటి ఆధారమవుతుంది. దానినుంచి దరువును స్వరలేఖనం చేసేవారు గది శేషాన్ని కూడా దరువులో భాగంగా రాసే ప్రమాదముంది. కనుక క్షేత్రపత్రంలో స్థలపు కొలతలు, కప్పు ఆకారం, మైకు దూరం, తోలు ఎక్కడ ఎంతసేపు ముందు కాచారన్నది, చర్మమా ఫైబరా అన్నది చేరాలి. ప్రదర్శనకు ముందు ఒక్క చప్పట్లను అదే పరికరంతో రికార్డు చేసుకుంటే గది స్వభావం దొరుకుతుంది. మనుషులూ వారి బట్టలూ శబ్దాన్ని గణనీయంగా పీల్చుకుంటాయి కాబట్టి, ఆ చప్పట్లను ఖాళీ సభలో ఒకసారి, జనం నిండిన తరువాత మరోసారి నమోదు చేయాలి.